చల్లటి మబ్బులో కార్బన్ గొలుసు

1987. అద్దంకిలో ఓ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. సిలబస్‌లో లేకపోయినా ఏటా ఒక క్లాసు ఆకాశానికి కేటాయించేవాణ్ణి. పిల్లలు చుక్కల మాస్టారని పేరు పెట్టారు. పెడితే పెట్టారు, ఆ క్లాసు మాత్రం మానలేదు.

ఆ రోజు కార్బన్ గొలుసుల గురించి చెబుతున్నాను. నక్షత్రాల మధ్య గడ్డకట్టే చలిలో చీకటి మబ్బులుంటాయి. విశ్వకిరణాల దెబ్బకు అక్కడి అణువులు, పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయి. అలా విద్యుదావేశంతో మిగిలినదాన్ని అయాన్ అంటాం. కార్బన్ అయాన్ వెళ్లి రెండు కార్బన్లున్న ఎసిటిలీన్‌ను ఢీకొంటే మూడు కార్బన్ల గొలుసవుతుంది. అది ఇంకోదాన్ని ఢీకొని మరికాస్త పెరుగుతుంది.

ఫైనలియర్ రాజ్యలక్ష్మి లేచింది. వాళ్లది పత్తి, మిరప పండించే ఇల్లు. "చల్లగా ఉంటే మార్పు జరగదనేగా సార్ మిరపకాయల్ని కోల్డ్ స్టోరేజీలో పెట్టేది? మరి అంత చలిలో అవెలా కలుస్తాయి?" అంది.

ఆ ప్రశ్నకు నాకు కడుపు నిండిపోయింది. మామూలు అణువులు కలవాలంటే సాధారణంగా వేడి కావాలి, అయాన్‌కు ఆ అవసరం లేదు, దగ్గరికొచ్చినదాన్ని తన ఆవేశంతోనే లాక్కుంటుందని చెప్పాను.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. నెల తిరక్కుండా రాజ్యలక్ష్మి తండ్రి పోయాడు. అప్పట్లో పురుగుమందు బకెట్లో పోసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేవాళ్లు. కర్రతో తిప్పితే సరిగ్గా కలవదని నమ్మకం. ఆయనా అలాగే కలిపి, సాయంత్రందాకా పిచికారీ కొట్టి, చేలోనే పడిపోయాడు.

పెద్దకర్మ అయ్యాక రాజ్యలక్ష్మి తల్లిని వెంటబెట్టుకుని టీసీ కోసం స్టాఫ్‌రూముకొచ్చింది. చదువు మానేస్తానంది.

"ఆ మందులోనూ కార్బన్ గొలుసేగా సార్. మీరు చెబుతుంటే ఎంత బాగుందనుకున్నానో. ఇప్పుడా మాట వింటేనే ఒళ్లు మండుతోంది."

అబద్ధం చెప్పలేకపోయాను. అందులోనూ ఉంది, ఫాస్ఫరస్‌తో కలిసి ఉంటుందన్నాను. చర్మంలోంచి ఇంకి నరాల్ని పట్టేస్తుందని కూడా చెప్పాను.

అంతదాకా గడప దగ్గరే నిలబడ్డ తల్లి లోపలికొచ్చింది. "చర్మంలోంచి పోతుందని తెలిస్తే ఆయన్ని చెయ్యి పెట్టనిచ్చేదాన్నాండీ? మాకెవరూ చెప్పలేదు. ఈ చదువులో ఉందా ఆ ముక్క?"

ఉందన్నాను.

"అయితే టీసీ వద్దండి" అని కూతురి వైపు తిరిగింది. "చదువు. చదివి మనూళ్లో చెప్పు."

రాజ్యలక్ష్మి మళ్లీ క్లాసుకొచ్చింది. ఓ రోజు తనే అడిగింది, ఆ మబ్బుల్లో ఢీకొన్నవన్నీ అతుక్కుపోతాయా అని. లేదమ్మా, కలిసినప్పుడు మిగిలే శక్తి ఎటో ఒకవైపు పోవాలి అన్నాను. ఇక్కడ భూమ్మీదైతే పక్కనున్న ఇంకో అణువు ఆ శక్తిని పంచుకుంటుంది. అక్కడ పక్కన ఎవరూ ఉండరు. ఓ హైడ్రోజన్ ఊడి మోసుకుపోవాలి, లేదా వెలుగుగా బయటికి పోవాలి. రెండూ జరక్కపోతే మళ్లీ విడిపోతాయి. వింటూ వింటూ ఆ పిల్ల ఏడ్చేసింది. తండ్రి పోయాక మా ఎదుట ఏడవడం అదే మొదలు. పక్క అమ్మాయిలు లేచి వెళ్లి దగ్గర కూర్చున్నారు. నేను పాఠం ఆపేశాను.

రిటైరయ్యేదాకా ఆకాశం క్లాసు ఏ ఏడూ మానలేదు. కాకపోతే ఒక బకెట్టు, ఒక కర్ర పట్టుకెళ్లేవాణ్ణి. మందు ఎలా కలపాలో చూపించాకే మబ్బుల్లోకి వెళ్లేవాణ్ణి. అంత దూరాన జరిగేది చెప్పగలిగినవాడు, ముందు పిల్లల ఇళ్లలో జరిగేది చెప్పాలని నాకు ఆ తల్లి నేర్పింది.