భీముడి నడుముకు ముగ్గురి వైద్యం

ఎనభై ఎనిమిదేళ్ళు వచ్చాక ఒప్పుకుంటున్నాను. నేనొకసారి సర్కారు పశువైద్యుడి పేరు మీద దొంగ ఉత్తరం రాశాను, కింద దొంగ సంతకం కూడా పెట్టాను. ఈ సంగతి మా నాన్నకు చెప్పలేదు, మామ్మకు చెప్పలేదు, యాభై ఏళ్ళు కాపురం చేసిన మా ఆయనకూ చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పేదాన్ని కాదేమో గానీ, మొన్న శంకర్ నగర్‌లో మా మనవరాలు తన ముసలి కుక్క కోసం కొన్న డబ్బా ఒకటి తెచ్చి, అక్షరాలు మరీ సన్నంగా ఉన్నాయి, భూతద్దం పెట్టి చదివి పెట్టమని నా చేతిలో పెట్టింది. ముసలి కుక్కల కీళ్ళకు బలమిచ్చే సహజమైన మందట. పసుపు, అశ్వగంధ, చేపనూనె, ఎముకల సారం అని వరసగా చదువుతూ ఉంటే నాకు నవ్వు ఆగలేదు, ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ డబ్బాలో ఉన్నవన్నీ డెబ్బై ఏళ్ళ కిందట, ఇదే రాయపూర్‌లో, రైల్వే క్వార్టర్లో, మా ఇంట్లో ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే కుక్క నోట్లో పెట్టినవే.

అవి మా రాయపూర్ ఉన్న రాష్ట్రానికి నాగపూర్ రాజధానిగా ఉన్న రోజులు. మా నాన్న విజయనగరం లైనులో గార్డు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో నన్ను మామ్మే పెంచింది. నాన్న ఒకసారి పార్వతీపురం నుంచి డ్యూటీ దిగి వస్తూ, పచ్చజెండా పక్కన చుట్టుకుని పడుకున్న ఒక కుక్కపిల్లను బండి చివర తన బ్రేకువ్యానులో తీసుకొచ్చారు. పిడికెడంత ఉందని మామ్మ వెటకారంగా భీముడన్నది, ఆ పేరే ఉండిపోయింది. మన తరంవాళ్ళకు గార్డు పెట్టె గుర్తుండే ఉంటుంది. జెండాలు, లాంతరు, టైంటేబిలు అన్నీ ఉండే ఆ ఇనప పెట్టెను పోర్టరు నెత్తిన పెట్టుకుని ముందు నడిస్తే, వెనక కోటు గుండీలు పెట్టుకుంటూ గార్డు నడిచేవాడు. మా ఇంట్లో మాత్రం ఆ ఇద్దరి మధ్య భీముడు నడిచేవాడు. బండి కదిలేదాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి, నాన్న జెండా ఊపాక, తన పని అయిపోయినట్టు వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేవాడు. పన్నెండేళ్ళు ఒక్క డ్యూటీ తప్పలేదు. సెలవు పెట్టని ఉద్యోగి మా లైనులో వాడొక్కడే అని నాన్న అనేవారు.

నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. మనుషుల ఎదుట నోరు విప్పడమంటే మహా భయం. వాకిట్లో ఎవరైనా పలకరిస్తే తలుపు వెనక్కి వెళ్ళి అక్కడినుంచి జవాబు చెప్పేదాన్ని. రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ నుంచి నాన్న తెచ్చే పుస్తకాలు, తెలుగువి ఇంగ్లీషువి, చీర మడతల్లో దాచుకుని చదివేదాన్ని. మధ్యాహ్నం మామ్మ కునుకు తీసినప్పుడు పెరటి వసారాలో కూచుని భీముడికి పైకి చదివి వినిపించేదాన్ని. వాడు ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, నేను ఆగినప్పుడల్లా కనుబొమ్మ ఎత్తి చూసేవాడు. నా గొంతు బయటికి వినిపించేది రోజు మొత్తం మీద ఆ అరగంటే. వాడు లేకపోతే నేను పూర్తిగా మూగదాన్ని అయిపోతానని నా డైరీలో ఆ రోజుల్లోనే రాసుకున్నాను.

ఆ ఏడు వానలు వెళ్ళేసరికి భీముడి వెనకకాళ్ళు పట్టేశాయి. వాకిలి మెట్లు రెండూ ఎక్కలేకపోయాడు. నాన్న డ్యూటీకి బయలుదేరితే లేవబోయి, కూలబడి, పెట్టె వంక చూసి మూలిగేవాడు. నాన్న వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయేవారు. చివరికి ఒకరోజు భోజనాల దగ్గర ఆయన, నాగపూర్‌లో పెద్ద పశువుల డాక్టరుకు ఉత్తరం రాశాననీ, దీపావళిలోగా జవాబు రాకపోతే, వాడు లేవకపోతే, ఇక శానిటరీ ఇన్‌స్పెక్టరుకు కబురు చేస్తాననీ అన్నారు. ఆ కబురంటే కుక్కను చంపించడమేనని కాలనీలో అందరికీ తెలుసు.

"అదేదో తొందరగా కానీరా. ఆ ముదనష్టపు వెధవ మూలుగు వినలేక ఛస్తున్నాను," అంది మామ్మ.

ఆ రోజునుంచే నా వైద్యం మొదలైంది. బక్కపలచగా ఉన్నానని రైల్వే ఆసుపత్రి డాక్టరు నాకు చేపనూనె సీసా ఇచ్చారు. మడి కట్టుకునే మామ్మకు అది ఇంగ్లీషు టానిక్కని మాత్రమే తెలుసు. దాన్ని నేను తాగడం మానేసి, రొట్టెముక్కల మీద పోసి, పూటకు రెండు చెంచాలు భీముడికి పెట్టసాగాను. వాడు సీసా మూత చప్పుడుకే తోక కొట్టేవాడు. నా బుగ్గలు రోజురోజుకీ లోపలికి పోతుంటే టానిక్కు పనిచెయ్యడం లేదని నాన్న ఇంకో సీసా తెచ్చారు. అదీ భీముడిదే అయింది.

ఒక తెల్లవారుజామున పెరట్లోకి వెళ్ళబోయి తలుపు దగ్గరే ఆగిపోయాను. పన్నెండేళ్ళుగా ఆ కుక్కను గడప తొక్కనివ్వని మా మామ్మ, తడిచీరతో, దూరం నుంచి, ముట్టుకోకుండా, ఒక సున్నుండ వాడి నోట్లోకి గురిచూసి విసురుతోంది. అందులో అశ్వగంధ పొడి కలిపిందని వాసనే చెప్పింది. నడుము నొప్పికి మినుములు, నెయ్యి, బెల్లాన్ని మించినది లేదని మా పార్వతీపురం వైపు బాలింతలకు ఎలా పెడతారో అలాగే పెడుతోంది. "మింగు. నా కొడుక్కి చెప్పావంటే చూడు," అని కుక్కను బెదిరించి, మళ్ళీ స్నానానికి పోయింది.

అలాంటి ఇంటి వైద్యాలన్నీ గాలి కబుర్లని కొట్టిపారేసే మా నాన్న సంగతి మరో వారానికి తెలిసింది. డ్యూటీ నుంచి వచ్చిన టిఫిన్ క్యారియరు కడగబోతే అడుగు గిన్నె ఆయన నా చేతిలోంచి లాక్కున్నారు. తరవాత పెరటిగోడ వెనక, టిట్లాగఢ్‌లో గార్డులు బసచేసే రన్నింగ్ రూము వంటవాడు కాచి ఇచ్చిన ఎముకల సూపును ఆ గిన్నెతోనే భీముడికి తాగిస్తూ కనబడ్డారు. ఆ గిన్నెలోనే మామ్మ మర్నాడు ఆయనకు పులిహోర సర్దింది. అంతకుమించి ఈ విషయం నేను ఇక్కడ విస్తరించను. మామ్మ ఏ లోకంలో ఉన్నా వింటుంది.

ఇంత సేవ జరుగుతున్నా వాడు లేవలేదు సరికదా, మునుపు కూచునేవాడు కాస్తా పడుకునే ఉండిపోయాడు. పొట్ట మాత్రం కుండలా పెరిగింది. నీరు పట్టిందని మామ్మ తేల్చింది. తేల్చి, చాటుగా సున్నుండలు రెండు చేసింది. నాన్న క్యారియరులో అడుగు గిన్నె పెద్దదయింది. నేనూ చెంచా మానేసి సీసాతోనే వంపాను. దీపావళి ఇంకా పదిరోజులే ఉంది.

ఆ సమయంలో పాలు పోసే రౌతాయిన్, చెంబు కింద పెట్టి, భీముణ్ణి ఇటూ అటూ చూసి, "నోనీ, తోర్ కుకుర్ బీమార్ నో హే, మోటాగే హే," అని నవ్వుకుంటూ పోయింది. జబ్బూ లేదు గిబ్బూ లేదు, వాడు లావెక్కాడు, అంతే. నేను గదిలోకి వెళ్ళి డైరీ తీశాను. మామ్మ విసిరినవి ఒక పేజీలో, నాన్న తాగించినవి ఇంకో పేజీలో, నేను పోసినవి మరో పేజీలో ఉన్నాయి. మూడూ ఒకచోట పెట్టి చూసింది నేనొక్కదాన్నే. నొప్పిగా ఉన్న కాళ్ళ మీద మేం ముగ్గురం కలిసి ఇంకో కుక్క బరువు మోపాం.

నోరున్న పిల్లయితే ఆ పూటే చెప్పేసేది. నాకు నోరు లేదు. చెప్పాలంటే మామ్మను నాన్న ముందు, నాన్నను మామ్మ ముందు బయటపెట్టాలి, ఆ పైన నా సీసా సంగతి. నాన్న నమ్మేది ఇంగ్లీషులో ఉన్న కాగితాన్ని, మామ్మ భయపడేది సర్కారుకు. అందుకని నేను నాగపూర్ డాక్టర్నయ్యాను. నాన్నకు వచ్చే ఆఫీసు ఉత్తరాల భాషను అనుకరిస్తూ, మీ ఉత్తరానికి సంబంధించి తెలియజేయునదేమనగా అనే తీరున ఇంగ్లీషులో మొదలుపెట్టి, చేతిరాత గుర్తుపట్టకుండా ఎడమచేత్తో మూడు మధ్యాహ్నాలు కూచుని రాశాను. పెద్దవాళ్ళ సంతకాలు చదవడానికి వీలుండదు కాబట్టి, నా సంతకం కోడిపిల్ల నడిచినట్టు పెట్టాను. స్టాంపు బెడద లేదు. ఆ రోజుల్లో మా కాలనీకి ఆవకాయ జాడీలైనా, పెళ్ళి శుభలేఖలైనా, ఉత్తరాలైనా ఒక గార్డు చేతినుంచి ఇంకో గార్డు చేతికి అలా వచ్చేసేవి. నాన్న పెట్టెలో ఎర్రజెండా మడతలో పెట్టేశాను.

మర్నాటి సాయంత్రం నాన్న ఉత్తరం ఊపుకుంటూ వచ్చి, మామ్మను పిలిచి, తెలుగు చేస్తూ చదివారు. తిండి సగానికి సగం తగ్గించాలి. నేతితో, బెల్లంతో చేసిన పదార్థాలు పూర్తిగా మానెయ్యాలి.

మామ్మ ముఖం తెల్లబోయింది. "నాగపూర్‌లో కూచున్నవాడికి మనింట్లో సున్నుండల సంగతెలా తెలిసిందిరా?"

"సున్నుండలేమిటమ్మా? ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. మాటవరసకన్నాను. తరవాతేటి రాశాడో చదువు."

తరవాత రాసింది మాంసపు సూపుల గురించి. నాన్న అక్కడ గట్టిగా దగ్గి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ వాక్యం దాటేశారు. అన్నంలో చిటికెడు పసుపు కలపాలి. నువ్వులనూనె గోరువెచ్చగా చేసి, ఇంట్లో అనుభవమున్న పెద్దలు నడుముకు మర్దన చెయ్యాలి. చేపనూనె రోజుకొక చెంచా, మించకూడదు. పొద్దునా సాయంత్రం నాలుగడుగులు నడిపించాలి. రెండు నెలలు చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోరాదు. అంతటితో ఆపవలసింది. రాసే ఉత్సాహంలో, కుక్క నిద్రపోయేందుకు రోజూ ఎవరైనా అరగంట పుస్తకం చదివి వినిపించవలెనని కూడా రాసేశాను. అది నాన్న నోట వింటూ నేను తలుపు వెనక్కి జరిగాను. నాన్న కాగితాన్ని తిప్పి చూసి, చాలా అనుభవమున్న డాక్టరు అన్నారు.

"పెద్దలంటే నేనేగా ఉన్నది. మడి తరవాత కట్టుకుంటాలే, నూనె కాచవే అమ్మలూ," అని మామ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. పన్నెండేళ్ళలో ఆవిడ వాణ్ణి ముట్టుకోవడం అదే మొదలు. కాళ్ళు పిసుకుతూ తిట్టేది, తిడుతూ ఇంకాస్త నూనె రాసేది. నేను ఇక పెరట్లో చాటుగా కాకుండా, సర్కారు ఆజ్ఞ ప్రకారం, నడింట్లోకి వినిపించేలా చదివాను. మామ్మ మధ్యలో కథ అర్థంకాక ప్రశ్నలు వేసేది, నేను జవాబులు చెప్పేదాన్ని. అలా చెప్పగా చెప్పగా నా గొంతు గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి వచ్చింది.

దీపావళి వెళ్ళిపోయింది, శానిటరీ ఇన్‌స్పెక్టరు మాట ఎవరూ ఎత్తలేదు. కార్తీకం చివర భీముడు మెట్లు దిగాడు. చలి బాగా ముదిరాక ఒక పొద్దున్న పోర్టరు పెట్టె ఎత్తగానే లేచి, వెనకకాలు ఈడుస్తూ, స్టేషనుదాకా కాదు గానీ కాలనీ చివరి నీళ్ళ పంపుదాకా నడిచాడు. నాన్న ఆ రోజు బండి వేళయిపోతున్నా నీళ్ళ పంపు దగ్గరే బూటు తాళ్ళు రెండుసార్లు విప్పి కట్టుకున్నారు.

ఆ వారంలోనే పోస్టుమాను నాగపూర్ ముద్ర ఉన్న కవరు నా చేతికిచ్చాడు. అసలు డాక్టరు. రెండే వాక్యాలు. ఆ వయసు కుక్కకు చికిత్స వల్ల ప్రయోజనం లేదు, బాధ లేకుండా పోనివ్వడమే మేలు. పెరట్లోకి చూశాను. మామ్మ వాడి నడుము మీద నూనె చెయ్యి పెట్టి, ఎవరి మీదో చాడీ చెబుతోంది. ఆ ఉత్తరాన్ని డైరీలో పెట్టేశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

మనవరాలి కుక్కకు ఇప్పుడు మోతాదు డబ్బా మీదే ఉంది, వేళకు ఫోను మోగుతుంది, మాత్ర పడుతుంది. డాక్టరు కూడా ఆడపిల్లే, ఎంతో ఓపికగా చూస్తుంది, మందు మావాటికంటే నూరుపాళ్ళు నయం. అందులో నాకు సందేహం లేదు. కాకపోతే మా మనవరాలు తన కుక్కను అందరి ముందూ ఎత్తుకుని ముద్దుపెట్టుకుంటుంది. మా కాలంలో ఒక కుక్క మీద ఇష్టముందని చెప్పడానికి ముగ్గురు పెద్ద మనుషులకు సిగ్గేసింది, అందుకే తెల్లవారుజామున లేవవలసి వచ్చింది, గోడ చాటుకు వెళ్ళవలసి వచ్చింది. ఆ సిగ్గు ఎప్పుడు ఎటు పోయిందో నేను గమనించలేదు. పోయినందుకు మంచిదే అనుకుంటాను, కొన్నిసార్లు మాత్రం దాని మీద బెంగ పుడుతుంది.

మరుసటి ఏడు వానాకాలంలో నేను టీచరు ట్రైనింగుకు నాగపూర్ వెళ్ళాను. దసరా సెలవులకు తిరిగి వచ్చేలోగా మామ్మ జ్వరంతో పోయింది. భీముడు ఆవిడ తరవాత ఇంకో చలికాలం చూశాడు. నేను బయలుదేరిన రోజున నా పెట్టె ముందే స్టేషనుకు పంపించి, ఇక నేను లేకపోతే వాడికి రోజూ అరగంట ఎవరు చదువుతారని వాకిట్లోనే నిలబడిపోతే, ఒక్క అక్షరమూ రాని మా మామ్మ నా చేతిలోంచి పుస్తకం లాక్కుని చంకలో పెట్టుకుంది.

"నేను చదివిపెడతాలే, నువ్వు బండెక్కు. నాకు చదువు రాదని వాడికేటి తెలుసు."