ముసుగెత్తి చూపిన పన్ను

పుచ్చిపోయిన పన్నులో డాక్టరు నింపిన సిమెంటు పట్టుమని వారం నిలవలేదు. నిద్రలేక విసిగిపోయి, ఈసారి పీకించి పారేద్దామని సుల్తానాబాద్‌లో కరీంనగర్ బస్సు కోసం చెంప పట్టుకుని కూర్చున్నాను.

పక్కన బురఖాలో ఉన్నామె నేను చెప్పిన సంగతి విని అడిగింది. "సిమెంటు పెడుతుంటే నోరు మూసినవా అక్కా?"

నాకు ఒళ్లు మండింది. "మూయనా మరి? మగ డాక్టరు ముంగట ఎంతసేపు తెరుస్త?"

"గందుకే ఊడింది. ఉమ్మి తడి తగిలితే సిమెంటు పన్నుకు పట్టది. సిగ్గు కోసం పన్ను పీకిచ్చుకుంటవా? జర నాది సూడు."

అంతమంది ముందు ముసుగెత్తి, నోరు బారెడు తెరిచి, దవడ పన్ను చూపించింది. సిమెంటు సందు లేకుండా అతుక్కుని ఉంది.

"జొన్నరొట్టె నమిలినా కదలలే" అంది.

కరీంనగర్‌లో మళ్లీ సిమెంటే పెట్టించుకుంటూ, డాక్టరు చాలనేదాకా నేను నోరు మూయలేదు. పీకించాలనుకున్న ఆ పన్నుతోనే ఇప్పటికీ నములుతున్నాను. ఆమె ముఖం గుర్తులేదు. ఆ పన్ను చూస్తే మాత్రం గుర్తుపడతాను.