రెండూ ఏడూ చోటు మారితే

హిందీ మాట్లాడే బర్మామైన్స్ పేటలో ఉండే ఆదిబాబుకి దేవుడి మీదైనా అనుమానం ఉందేమో గానీ, వ్యాగన్ నంబరు మీద మాత్రం లేదు. ఓ ప్రైవేటు సైడింగులో, అంటే కంపెనీ సొంత పట్టాల మీద, గూడ్సు వ్యాగన్ల నంబర్లు రాసుకోవడం అతని పని. ప్రతి వ్యాగన్‌కీ పదకొండు అంకెలు. వాటిలో రెండోది, నాలుగోది, ఆరోది, అలా సరి స్థానాల్లో ఉన్నవన్నీ కూడి మూడింతలు చేసి, మిగిలిన అంకెలు కలిపితే మొత్తం చివర సున్నా రావాలి. రాలేదంటే ఎక్కడో తప్పు చదివినట్టే. ఈ లెక్కంతా ఆదిబాబు నడుస్తూ నడుస్తూనే వేళ్ళ మీద తేల్చేసేవాడు. పెళ్ళిపీటల మీద కూడా ఆ వేళ్ళు ఊరుకోలేదని భార్య త్రివేణి ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ మధ్యాహ్నం ఫిట్టరు పైడిబాబు ఫోన్ చేశాడు. "బావా, ఓ వ్యాగన్ చక్రానికి పగులుంది. బండిలోంచి తప్పించీ," అని నంబరు చెప్పాడు: 22131442719. ఆదిబాబు సరిగ్గానే విన్నాడు. రాసేటప్పుడే చెయ్యి తొందరపడి రెండునీ ఏడునీ తారుమారు చేసింది. 22131447219. లెక్క కట్టాడు. డెబ్బై. చివర సున్నా. ఇంకేం, నిశ్చింత.

ఒకే ఏడాది తయారై, ఒకే బండిగా తిరిగే వ్యాగన్లు కావడంతో ఆ నంబరుదీ అందులోనే ఉంది. దాన్ని విప్పి పక్క లైనులో పెట్టారు. బండి కదిలింది. చివరి పెట్టెలో గార్డు డ్యూటీలో ఉన్నది ఆదిబాబు కూతురు ఉజ్వల.

కాసేపటికి పైడిబాబు పనిముట్లతో వచ్చి వ్యాగన్ కిందికి తొంగి చూశాడు.

"ఇదేటి బావా? చక్రాలన్నీ బాగున్నాయి. నాను సెప్పింది ఇది కాదు!"

"లెక్క కుదిరిందిరా!"

"లెక్కేటి? నాను సెప్పింది రెండూ ఏడూ. ఇక్కడ ఏడూ రెండూ ఉన్నాది, సూడు!"

ఆదిబాబు వ్యాగన్ మీది నంబరు వంక చూశాడు. వేళ్ళు వాటంతటవే కదిలాయి. అసలు నంబరుకి అరవై, తను రాసినదానికి డెబ్బై. రెండూ సరే! రెండుకీ ఏడుకీ తేడా అయిదు. పక్కపక్కనున్న అలాంటి అంకెలు చోటు మారితే మొత్తం సరిగ్గా పది మారుతుంది, చివరి సున్నా అలాగే ఉంటుంది. ఇన్నేళ్ళూ కాపలా కాసిన కుక్క దొంగని చూసి తోక ఊపినట్టయింది.

వెంటనే కూతురికి ఫోన్ చేశాడు.

"అమ్మా, బండాపు! బ్రేకు లాగు!"

"క్యా హువా పాపా?" ఏమైందని తండ్రిని హిందీలో అడిగింది ఉజ్వల.

"ముందు ఆపు! దిగి చక్రాలు సూడు! తరవాత అడుగుదువు!"

ఫోన్లో బుస్సుమని గాలి వదిలిన చప్పుడు. ఇనుము కీచుమంది. తరవాత కంకర మీద ఆమె అడుగులు. ఎంతకీ ఆగని అడుగులు. ఆదిబాబు పైడిబాబు భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"పాపా..." అంది ఉజ్వల. "చక్రం అంచు ఊడిపోతంది. ముందు పుల్ ఉంది, నది మీద." వంతెన మాట అక్కడే ఆపి అడిగింది. "నువ్వు హిసాబ్ సూడలేదా?"

"సూసేనమ్మా," అన్నాడు ఆదిబాబు. "కుదిరింది."