స్టిక్కరు కింది మచ్చ

అండాలమ్మ బండి దగ్గర యాపిల్ కొనడమంటే పెళ్లిచూపులే. దిల్‌సుఖ్‌నగర్ జనం పండును అటూ ఇటూ తిప్పి చూస్తారు, మైనం ఉందేమోనని గోరుతో గీకుతారు, ఎరుపు చాల్లేదని పెదవి విరుస్తారు. తినడం సంగతి ఆఖరున గుర్తొస్తుంది. నల్లగొండ పల్లె నుంచి భర్త జానయ్యతో వచ్చి, ఇరవై ఏళ్లుగా ఒకే అపార్ట్‌మెంట్ గోడ పక్కన అమ్ముకుంటున్న మనిషికి ఇదంతా అలవాటే. ఆ చోటు కూడా మూడో అంతస్తు కోటేశ్వరమ్మ చలవే. బండి తీసేయమని మిగతావాళ్లు అన్నప్పుడల్లా, "దాని పళ్లు మంచివి, ఉండనివ్వండి" అని అడ్డుపడేది ఆవిడే.

ఆ శ్రావణంలో అండాలమ్మ సరుకుకోసం బాటసింగారం పళ్ల మార్కెట్‌కు వెళ్లింది. సిమ్లా వైపు రైతొకాయన, లారీతోపాటే వచ్చి, తన పెట్టెల పక్కన దిగాలుగా కూర్చున్నాడు. చలికాలంలో మంచు సరిగ్గా పడక పూత పల్చబడిందట. తర్వాత చలి చాలక రంగు తిరగలేదట. నిలిచిన కాస్త కాయల మీదా రాళ్లవాన పడింది. చెట్లకు వలలు కప్పే స్తోమత లేదు. మచ్చలు చూసి వేలంలో ఎవరూ నోరు విప్పలేదు. ఆయన ఒక పండు కోసి అండాలమ్మకు ముక్క పెట్టాడు. తేనెలా ఉంది. ఇంత తీపి పండును ఎవరూ అడక్కపోవడం చూసి ఊరుకోలేక, ఆమె పన్నెండు పెట్టెలు తీసుకుంది.

జాలిపడటం తేలిక, అమ్మడం కష్టం. రెండు రోజులు ఒక్క పండూ కదల్లేదు. అప్పుడు చేసింది అండాలమ్మ ఒక తెలివితక్కువ పని. స్టిక్కరున్న పండంటే జనానికి ఎక్కడలేని నమ్మకం కదా అని, మచ్చకొక స్టిక్కరు అతికించేసింది. పళ్లు చకచకా కదిలాయి. శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి కోటేశ్వరమ్మ ఇంటికీ అవే వెళ్లాయి. అమ్మవారి ముందు మచ్చ పండు పెట్టని ఇల్లది.

శనివారం పొద్దున్నే ఆవిడ బుట్టతో కిందికి దిగింది.

"వాయనం తీసుకున్నావిడ స్టిక్కరు ఒలిచి నాకే చూపించిందే! ఇదా నువ్వు నాకు చేసేది?"

అండాలమ్మకు తెలుసు, ఈవిడ మాట పోతే ఈ చోటు పోయినట్టే, బతుకు రోడ్డున పడ్డట్టే.

"తప్పైందమ్మా. రాళ్లవాన కొట్టిన పండ్లు. మచ్చలు చూసి ఎవ్వరు కొనకపాయె. లోపల మంచిగుంటది, జర తిని చూడుండ్రి," అంటూ ఒకటి కోసిచ్చింది.

కోటేశ్వరమ్మ ముక్క తీసుకుని, దాని మీది మచ్చను వేలితో తడిమింది.

"నూజివీడు దగ్గర మా నాన్నగారి మామిడితోట మీద ఓ ఏడు వడగళ్లు పడ్డాయి. మచ్చకాయలని షావుకార్లు ముట్టుకోలేదు. బండెడు కాయలు వాగులో పోసొచ్చి, రెండ్రోజులు అన్నం తినలేదాయన." ముక్క నోట్లో వేసుకుంది. "తియ్యగా ఉంది. నాతో చెబితే కొననా? పీకు, అన్నీ పీకు!"

తనూ స్టూలు లాక్కుని కూర్చుని స్టిక్కర్లు ఒలిచింది. వచ్చినవాళ్లకల్లా ముక్క పెట్టి, "వడగళ్ల దెబ్బ అంతే, రుచికేం తక్కువ?" అని దబాయించింది. ఆ దబాయింపు ముందు అండాలమ్మ అరుపులు ఏపాటివి! మధ్యాహ్నానికి సగం బండి ఖాళీ.

లేస్తూ అంది కోటేశ్వరమ్మ: "వచ్చే శుక్రవారం మా ఇంట్లో పేరంటం."

"ఎన్ని పండ్లు తేవాల్నమ్మా?"

"పళ్లు కాదే, నువ్వు రా."

ఇరవై ఏళ్లు ఆ గుమ్మం దాకా బుట్టలు మోసిందే తప్ప, అండాలమ్మ లోపల అడుగుపెట్టింది లేదు. ఆ శుక్రవారం కోటేశ్వరమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి, వంగి కాళ్లకు పసుపు రాసింది. బొట్టు పెట్టి, అందరికీ ఇచ్చినట్టే మచ్చ యాపిల్‌తో వాయనం ఇచ్చింది. కొంగు పట్టి అందుకుంటూ, "నువ్వు సల్లగుండాలె తల్లీ," అని అండాలమ్మ అంతమంది ముందూ ఏడ్చేసింది.