రైలు పోయేటప్పటి పంకా

మొన్న ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వచ్చి, స్టేషన్ పక్క హోటల్లో చాయ్ తాగుతుంటే రైలు వచ్చింది. తలుపుకు కట్టిన గోనెపట్టా లోపలికి ఎగిరి నా మొహానికి తగిలింది, నోట్లో దుమ్ము పడింది. ఖాసిం మిస్త్రీ గుర్తొచ్చి మిగిలిన చాయ్ తాగబుద్ధి కాలేదు. ఈ వయసులో జ్ఞాపకాలు కూడా అలుపు తెప్పిస్తాయి.

నిజాం రోజుల్లో, ఇదే కామారెడ్డిలో పట్టాల పక్కనున్న బియ్యం మిల్లులో ఆయన పెద్ద మిస్త్రీ, నేను ఆయన కింద ఫిట్టర్‌ని. వారానికోసారి ఎల్లారెడ్డిలో ఇంటికి పోయేవాణ్ణి. తవుడు జల్లించే గదిలో ఆడవాళ్లు దగ్గి దగ్గి సొమ్మసిల్లుతున్నారని, దుమ్మును బయటికి తోసే పంకా ఒకటి గోడకు బిగించాం. దాని నోరు పట్టాల వైపు. పట్టాలకు అవతల గోదాము గోడ. నేను పంకా ముందు నూలుపోగు పట్టుకుని చూశాను. పోగు తిన్నగా బయటికి నిలిచింది. పని అయిపోయిందనుకుని ఇంటికి పోదామని మూట సర్దుకున్నాను.

"రైలు పోంగ చూసినవా?" అన్నాడు మిస్త్రీ.

"రైలుకు, పంకకు ఏం సంబంధం భాయ్?"

"కూసో. ఇద్దరం చూద్దాం."

ఆ రోజు రైలు ఎంతకూ రాలేదు. ఎల్లారెడ్డి పోయే బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. లోలోపల ఆయన్ని తిట్టుకున్నాను. చివరికి రైలు ఆ రెండు గోడల మధ్య గాలిని నెట్టుకుంటూ వచ్చింది. పోగు గిర్రున లోపలికి తిరిగింది. పంకా తిరుగుతూనే ఉంది, కానీ బయటికి పోవాల్సిన దుమ్మంతా గదిలోకే వచ్చింది. జల్లెడ పట్టుకున్న రాజవ్వ ఊపిరందక కూలబడింది.

పంకా నోటిని పైకప్పు మీదికి తిప్పాలన్నాడు మిస్త్రీ. మిల్లు సేటు ఒప్పుకోలేదు.

"రైలు ఎంతసేపుంటది? గంతసేపు ఓర్చుకోరా?"

"అయితే గంతసేపు మీరే నిలబడుండ్రి సేటూ."

ఆ మాటతో ఆయన కొలువు పోయింది. సేటు నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు, పంక మంచిగుందా?" అని అడిగాడు. ఇంట్లో నా భార్యకు నెలలు నిండాయి. భయపడ్డాను. మంచిగనే ఉందన్నాను.

మిస్త్రీ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. సామాన్ల సంచి భుజాన వేసుకుని, "ఇల్లు గడవాలె, నాకెరుకే. రాజవ్వకు మాత్రం నిజం చెప్పు" అన్నాడు.

చెప్పలేదు. ఆయన పోగా ఖాళీ అయిన పెద్ద మిస్త్రీ కొలువులోనే ఏళ్లకేళ్లు పనిచేశాను. రైలు కూత వినబడితే చాలు, రాజవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకరోజు దగ్గు కాస్త తెరపి ఇచ్చాక నన్ను దగ్గరికి పిలిచింది.

"నా పానమే మంచిగ లేదేమో బిడ్డా. పంక మంచిగున్నదని నువ్వే చూసి చెప్పినవట గద."

అవునన్నట్టు తల ఊపాను. ఆ తలనే ఇన్నేళ్లుగా మోస్తున్నాను.