బాపు వేసిన వాయిదా

ఆదివారం పగటి పూట ఆ సినిమా పెట్టింది నేనే. అందులో కొడుకు తనకు మగవాళ్ళే ఇష్టమని ఇంట్లో చెప్తాడు, ఇల్లంతా నానా రభస చేసి చివరికి ఒప్పుకుంటుంది. కామెడీ. పదిహేనేళ్ళుగా నా నోరు దాటని మాటను రెండు గంటల్లో ఆ సినిమానే చెప్పేస్తుందని నా ఆశ. బుధవారం పెద్దవంగరలో నాకు పెళ్ళిచూపులు మరి. జనగామ బడిలో పిల్లలకు ధైర్యం మీద పాఠం చెప్పే పంతులును, టేకుమట్లలో మా ఇంట్లో మాత్రం రిమోట్ వెనక దాక్కున్నాను.

అందరూ పడిపడి నవ్వారు. సినిమాలో తండ్రి కొడుకును వెళ్ళగొడితే అమ్మకు కోపమొచ్చింది.

"పిలగాన్ని గట్ల ఎల్లగొడ్తరా, పాపం."

బాపు కూడా ఆ తండ్రికి తెలివి లేదని తేల్చేశాడు. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనుకున్నాను.

"నాది గూడ గిదే కథ. పెద్దవంగర పిల్లను చేసుకోను."

అమ్మ ముందు టీవీ ఆపేసింది, నేరమంతా దానిదే అన్నట్టు. పెళ్ళయి పక్క వీధిలోనే ఉండే అక్క, జనగామలో ఒక్కడివే గది తీసుకున్న నాడే వద్దన్నానని అందుకుంది. అంతసేపూ ఆ పిలగాడి మీద కురిసిన జాలి ఆ పెట్టెలోనే ఉండిపోయింది.

బాపు తువ్వాల భుజాన వేసుకుని కుర్చీలోకి మారాడు. ఊళ్ళో పొలం గెట్ల తగాదాలు, మొగుడూపెళ్ళాల గొడవలు తీర్చే పెద్దమనిషి ఆయన. రెండో పార్టీ ఎవరని అడిగాడు. లేరన్నాను. మోసం చేసిందెవరు? ఎవరూ లేరు. ఫిర్యాదు ఎవరిది? అదీ లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. పంచాయితీ తెగకపోతే ఆయనకు తెలిసిన దారి ఒక్కటే.

"సినిమాల తండ్రి రెండు గంటల్ల మారిండు. గది నాతోని గాదు. వాయిదా."

ఒళ్ళు మండింది. నేను తీర్పు అడగలేదు, నన్ను చూడమన్నాను. అన్నం తినకుండానే జనగామకు బయలుదేరాను.

మంగళవారం బాపు పెద్దవంగరకు ఫోన్ చేసి, తప్పు మాదే, రేపు ఎదురుచూడొద్దని చెప్పాడట. అక్క చెప్తే తెలిసింది. ఆ తర్వాత నేను ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ వాయిదానే. నా ముఖం చూడకుండా, వడ్ల ధర సంగతి మాట్లాడినంత మామూలుగా చెప్పేవాడు. అమ్మ మాత్రం ఆ సంగతి ఎత్తకుండా వడ్డించేది.

పోయిన నెల నేను లోపల అన్నం తింటుండగా సంబంధాలు చూసే ఆయన ఫోటోలు పట్టుకొచ్చాడు. బాపు అతన్ని గడప దాటనివ్వలేదు.

"మా పిలగాని పంచాయితీ నా దగ్గర నడుస్తున్నది. తెగేదాక ఫోటోలు తేకు."

ఎప్పుడు తెగుతుందని అతను అడిగాడు.

"నేను బతికున్నన్ని దినాలు తెగది."