బోరు గుట్టు

తిప్పేష్ భార్య ఈశ్వరి ఫోను దగ్గరగా పెట్టుకుని మరోసారి చదివింది. ‘వైండింగ్ పనికిరాదు. పదైదు దినాలకే మోటరు కాలిపోయింది. ఈడికి ఎవరూ రావద్దండి.’ పైన తిమ్మన్న పేరు, పక్కన ఒకే ఒక్క స్టార్.

తిప్పేష్ తల ఎత్తలేదు. మోటరు గాడుల్లో తీగ లాగుతున్నాడు. బోరు మోటరుకు ఒక్కొక్క చుట్టూ చేత్తోనే లాగాలి. మధ్యలో లేస్తే లెక్క తప్పుతుంది. ఆ గాడి పూర్తయ్యాకే అడిగాడు, “ఇప్పుడెంతకొచ్చింది?”

“మూడు పాయింట్ ఎనిమిది స్టార్లు.”

కళ్యాణదుర్గంలో రాయదుర్గం రోడ్డు మీద ఆ షాపు పెట్టి ఇరవై ఆరేళ్లయింది. తిప్పేష్ ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోలేదు. కుర్రతనంలో పాత ఇనుము అంగట్లో మూటలు మోస్తూ, కాలిన మోటర్లు విప్పి, తీగ ఏ గాడిలోంచి ఏ గాడిలోకి పోయిందో చూసి, అట్లాగే చుట్టి చూశాడు. మూడు మోటర్లు కాల్చాడు. నాలుగోది తిరిగింది. అప్పటి నుంచి బోరు మోటరు కాలితే చుట్టుపక్కల పల్లెలవాళ్లు నేరుగా అతని దగ్గరికే వస్తున్నారు. వాళ్లు ఏనాడూ స్టార్లు చూసి రాలేదు.

ఇప్పుడు మాత్రం చూసేవాడు ఒకడు వస్తున్నాడు. పంపుల కంపెనీ ఒకటి ఈ ఊళ్లో ఒక షాపుకు తన సర్వీసు బోర్డు ఇస్తానంది. అది వస్తే ఏడాది పొడుగునా పని ఉంటుంది. వానలు పడ్డ నెలల్లో మోటర్ల కోసం ఎదురుచూస్తూ కూర్చునే బాధ తప్పుతుంది. తిప్పేష్‌కు నడుము పోయింది, కళ్లు కూడా మునుపటిలా లేవు. ఇంకో పదేళ్లు ఈ పని చేయాలంటే ఆ బోర్డు కావాలి. నాలుగు స్టార్లకు తక్కువుంటే ఇవ్వరని ముందే చెప్పారు. కంపెనీ మనిషి శుక్రవారం వస్తాడు. ఈ రోజు మంగళవారం.

షాపును ఫోను మ్యాపులోకి ఎక్కించింది ఈశ్వరే. అప్పటి నుంచి ఆమెకు ఇదొక తలనొప్పి. పండగనాడు వచ్చి, మూసిన తలుపు చూసి ఒక్క స్టార్ ఇచ్చినవాడున్నాడు. యేసన్న అనే ముసలాయనైతే, తన మోటరు బాగా తిరుగుతోందన్న సంతోషంలో ఒక్కటే నొక్కాడు. ఒకటంటే ఫస్టు ర్యాంకే కదమ్మా అన్నాడు. వాటికి ఆమె నవ్వుకుంది. తిమ్మన్నది నవ్వుకునేది కాదు.

తిమ్మన్నకు చీనీ తోట ఉంది, బత్తాయిని ఇక్కడ అట్లాగే అంటారు. అతని మోటరు షాపులోనే ఉంది. నిన్న పొద్దున తెచ్చి గడప దగ్గర దించి, మొహం చూడకుండా పోయాడు. తిప్పేష్ అప్పుడే విప్పి చూశాడు. వైండింగ్‌లో తప్పుంటే ఒక చోట కాలుతుంది, మిగతాది బాగుంటుంది. ఇందులో తీగ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే రీతిగా కరిగింది. పంపు లోపలి ప్లాస్టిక్ కప్పులు ముద్దయిపోయాయి. నీళ్లు లేకుండా మోటరు చాలాసేపు తిరిగిందన్నమాట.

“ఈ కప్పులు ఫోటో తీసి కింద పెడతా. చూసినోళ్లకు తెలుస్తాది ఎవరిది తప్పో,” అంది ఈశ్వరి.

తిప్పేష్ వద్దన్నాడు. ఆమె కూడా గట్టిగా అనలేకపోయింది. ఈ పనిలో రాయని కట్టుబాటు ఒకటుంది. ఫలానా వాళ్ల బోరు ఎండిపోయిందన్న మాట మెకానిక్ నోటి వెంట రాకూడదు. ఇక్కడ సంబంధం చూసేవాళ్లు, తోట గుత్తకు తీసుకునేవాళ్లు, అప్పిచ్చేవాళ్లు అందరూ ముందు అడిగేది బోరు సంగతే. చీనీ కాపును చెట్ల మీదే కొనే వ్యాపారి అయితే కాయ కంటే ముందు నీళ్లు చూస్తాడు. ఆ కప్పుల ఫోటో పెట్టడమంటే తిమ్మన్న బోరు ఎండిందని ఊరంతా దండోరా వేయించడమే.

బుధవారం పొద్దున్నే తిప్పేష్ బండి వేసుకుని తిమ్మన్న తోటకు పోయాడు. పన్నెండు కిలోమీటర్ల దారిలో ఆ రివ్యూ ఎట్లా తీయించాలన్నదే ఆలోచన. తిమ్మన్న స్టార్టర్ పెట్టె పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య నల్లమ్మ చీనీ చెట్ల పాదులకు ఎండుగడ్డి కప్పుతోంది.

“ఏమప్పా తిమ్మన్నా, కాలింది నా తీగనా, నీ బోరా?”

నల్లమ్మ గడ్డి కింద పడేసి వచ్చి తానే చెప్పింది. వ్యాపారి వచ్చే రోజుకు ముందు రెండు దినాలు బోరును ఆపి పెట్టారట. ఊరిన నీళ్లు అరగంట సేపు జోరుగా పోస్తాయి, అంతలో చూసి పోతాడులే అనుకున్నారు. నీళ్లు లేకపోతే మోటరును ఆపేసే పెట్టె ఒకటి తిప్పేషే బిగించి ఉన్నాడు. అది వ్యాపారి ముందర ఎక్కడ ఆపేస్తుందోనని తిమ్మన్న దాని వైరు పీకేశాడు. తీరా వ్యాపారి నీడ చూసుకుని కూర్చుని, టిఫిన్ విప్పి, కబుర్లలో పడ్డాడు. పైపులో ధార సన్నబడింది, ఆగింది. ఆయన కళ్ల ముందర స్విచ్చు ఆపలేక, పాడు మోటరు అంటూ తిమ్మన్న అది కాలేదాకా కూర్చునే ఉన్నాడు.

“ఆయప్పకు ఏమని చెప్పేదన్నా? నీళ్లుండాయి, చుట్టినోడే సరిగా చుట్టలేదంటే నమ్మల్య. ఫోన్లో రాసి చూపిచ్చినాక నమ్మినాడు,” అన్నాడు తిమ్మన్న. “సోమారం మళ్లా వస్తాడు. అంతవరకూ ఉండనీ. తర్వాత నేనే తీపిచ్చేస్తా.”

“శుక్రారం కంపెనీ ఆయప్ప వస్తాండాడు నా కాడికి. అది సూస్తే నాకు బోర్డు రాదు.”

“బోర్డు లేకున్నా నీకు పనుండాది. నాకి ఈ కాపు పోతే ఏముండాదన్నా?”

తిప్పేష్‌కు అరవాలనిపించింది. అందుకు తగ్గ ఓపిక లేక అతనూ ఒక రాయి చూసుకుని కూర్చున్నాడు. తిమ్మన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే విసుగ్గా ఉంది. అక్కడి నుంచే అన్నాడు: “నేను చెడ్డగా చుట్టినానని యాడా ఒప్పుకోను. నీ బోరు సంగతి ఎవరికీ చెప్పను. కానీ లేని నీళ్లు చూపిచ్చేదానికి నా మోటరు ఇయ్యను.”

ఆ సాయంత్రం నుంచి కూర్చుని మోటరు మళ్లీ చుట్టాడు. గురువారం మధ్యాహ్నం మనుషులతో, చైన్ పుల్లీతో తోటకు వచ్చాడు. తాడుకు బరువు కట్టి బోరులోకి వదిలి చూస్తే, మోటరు వేలాడిన చోటు కంటే కింద ఇంకా అరవై అడుగుల నీళ్లున్నాయి. రెండు పైపులు కలిపి మోటరును కిందికి దించాడు. పీకేసిన పెట్టె వైరు మళ్లీ బిగించాడు. బోరులో ఊరినంతే బయటికి వచ్చేలా గేటు వాల్వు సగానికి పైగా మూసి మోటరు ఆన్ చేశాడు. రెండించుల పైపులోంచి ముక్కాలు ఇంచు ధార పడింది. గంట గడిచినా తెగలేదు.

“ఉండేది ఇంతే. ఇదే చూపిచ్చు. ధర తగ్గిస్తే తగ్గించనీ,” అన్నాడు. నల్లమ్మ ఆ ధార కింద చేయి పెట్టి చూసుకుంది. రివ్యూ సంగతి తిప్పేష్ మళ్లీ ఎత్తలేదు.

శుక్రవారం కంపెనీ మనిషి విష్ణువర్ధన్ వచ్చాడు. చుట్టిన మోటరు గాడులను టార్చి వేసి చూశాడు. ఇంత నీటుగా చేసే చెయ్యి జిల్లాలో చూడలేదన్నాడు. ఆ తర్వాత ఫోను తీసి తిమ్మన్న మాటలు చూపించాడు.

“దీనికి జవాబెందుకు పెట్టలేదన్నా? కారణం ఏమైనా ఉంటే చెప్పండి. నేను రాసి పంపుతా.”

కరిగిన కప్పులు బల్ల కింద గంపలో ఉన్నాయి. ఈశ్వరి గంప వైపు చూసింది, భర్త వైపు చూసింది. విష్ణువర్ధన్ మంచివాడిలాగే ఉన్నాడు. కానీ అతను తిరిగేదంతా చీనీ తోటల్లోనే, చీనీ వ్యాపారుల మధ్యనే. సోమవారానికి ఇంకా మూడు రోజులుంది.

“మోటరు కాలింది సార్. మళ్లా చుట్టిచ్చినా. అంతే,” అన్నాడు తిప్పేష్.

విష్ణువర్ధన్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం వ్యాపారి వచ్చి ముక్కాలు ఇంచు ధార చూశాడు. ధర బాగా తగ్గించాడు, చివరి నెల ట్యాంకర్లతో తడపాలని షరతు పెట్టాడు, కాపు మాత్రం కొన్నాడు. మంగళవారం తిమ్మన్న రివ్యూ తీసేయించాడు. ఫోన్లో లెక్క నాలుగు దాటిందని ఈశ్వరి చెప్పింది. బుధవారం బస్టాండు దగ్గర ఇంద్రాణి నడిపే మోటర్ల షాపుకు కంపెనీ బోర్డు ఎక్కింది.

రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం ఇంద్రాణి ఆటోలో రెండు కాలిన మోటర్లు వేసుకుని వచ్చింది. తన దగ్గర పనిచేసేవాళ్లకు చెయ్యి కుదరడం లేదని, చుట్టి ఇస్తే తన షాపు పేరు మీదే పంపుకుంటానని చెప్పింది. ఈశ్వరి మొహం తిప్పుకుని లోపలికి పోయింది.

తిప్పేష్ ఒక మోటరును పక్కకు దొర్లించి, పై మూత మీద వేలు పెట్టి మసి చూశాడు.

“మోటరు బోరులోకి దించేముందు నీళ్లెంత ఉండాయో చూసినారామ్మా?”

“అది మనకెందుకన్నా? మోటరు ఇచ్చేవరకే కదా మన పని.”

తిప్పేష్ ఆమెను రేపు సాయంత్రానికి రమ్మని చెప్పి, స్పానరు తీసుకుని మూత విప్పడం మొదలుపెట్టాడు.